చెయ్యి ఎవరిదో వాళ్ళనే అడుగు

పోయిన మంగళవారం పొద్దున్నే ఢిల్లీ పక్కన ఇందిరాపురం నుంచి అంకుల్ ఫోన్ చేశారు. "మీ ఆంటీ పోయిందమ్మా, నిద్రలోనే" అన్నారు. ఏడవలేదంటే అబద్ధమే. కానీ ఆవిడ గురించి రాయడానికి కూర్చుంటే ఏడుపు కంటే ముందు ఉత్సాహం తన్నుకొస్తోంది, ఏం చెయ్యను.

ఆంటీకి వైద్యం బొత్తిగా తెలియదు. అంకుల్ కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, ఆవిడ గృహిణి. నేను కొత్తగా చేరిన ఆస్పత్రిలో పరిశోధనల మంచీ చెడూ చూసే ఎథిక్స్ కమిటీ ఉండేది. అందులో డాక్టరు కాని మామూలు మనిషి ఒకరుండాలని నియమం. ఆ మామూలు మనిషి ఆంటీ. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మా కాగితాలన్నీ చదివేవారు. అవి పసుపు మరకలతో తిరిగొచ్చేవి. "నాకే బుర్రకెక్కనిది సంతకం పెట్టాల్సిన పల్లెటూరి కోడలికి ఏం ఎక్కుతుందే" అని పక్కన పెన్సిలుతో రాతలు.

ఇక నా నిర్వాకం. గ్రేటర్ నోయిడా దగ్గర ఒక పల్లెలో ఆడవాళ్ళ రక్తహీనత మీద మా పరిశోధన. మొదటి ఇంట్లోనే పెద్దాయన నాకు గ్లాసెడు లస్సీ ఇప్పించి, అయిదుగురు కోడళ్ళ అంగీకార పత్రాల మీదా తన వేలిముద్రే వేసేశాడు. కోడళ్ళు ముసుగులు తియ్యకుండా చేతులు చాపారు. నేను రక్తం తీసుకున్నాను. ఊరంతా అలాగే చేశాను. వీళ్ళ ఆచారాన్ని ఎంత బాగా గౌరవించానో అని మురిసిపోయాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక్కో ఇంటి పత్రాలన్నిటి మీదా ఒకే వేలిముద్ర కనబడేసరికి కమిటీలో గొడవైంది. ప్రపంచమంతటికీ ఒకటే నియమం, ఎవరి సంతకం వాళ్ళదే, ఈ రక్తమంతా పారబోయండి అన్నారు ఒక డాక్టరు. ఇక్కడ ఇంటి పెద్ద మాటే మాట, బయటి పద్ధతులు రుద్దకండి అన్నారు ఇంకొకరు. పారబోస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది, నా ఉద్యోగమూ పోతుంది.

"ఇద్దరి మాటా నిజమే కదండీ" అన్నారు ఆంటీ. "గడప దాటాలంటే ఇంటాయన్ని అడగాలి, అది మర్యాద. సూది గుచ్చాలంటే చెయ్యి ఎవరిదో వాళ్ళనే అడగాలి. ఒకటి అడిగాం కదా అని రెండోది మానేస్తామా?" తరవాత నా వైపు తిరిగి, "మళ్ళీ వెళ్ళు అమ్మాయ్. నేనూ వస్తా" అన్నారు.

బస్సులో వెళ్ళాం. ఆంటీ తన గోదావరి హిందీలో పెద్దాయనతో గేదెల గురించి మాట్లాడి, మెల్లగా విషయానికొచ్చారు. "బాబూజీ, మీరు సరేనంటే కోడళ్ళతో విడిగా మాట్లాడతాం. వాళ్ళు కాదంటే మీరు కోప్పడకూడదు." ఆయన మీసం దువ్వుకుని "ఠీక్ హై" అన్నాడు.

లోపల పత్రం చదివి వినిపించాను. నలుగురు ఒప్పుకుని వేలిముద్ర వేశారు. అందరికంటే చిన్న కోడలు మాత్రం "నేనివ్వను" అంది. ఎందుకమ్మా అనబోతుంటే ఆంటీ నా చెయ్యి గిల్లారు. "అచ్ఛా బేటీ, నీ ఇష్టం" అన్నారు, అంతే.

ఆ పిల్ల ముసుగు కాస్త పైకి జరిపి నన్ను సూటిగా చూసింది. "మరి మొన్న తీసుకెళ్ళింది?"

"అదీ నీదే. పారబోసేస్తాం" అన్నారు ఆంటీ.

తిరుగు బస్సులో ఆవిడ ఆనందం చూడాలి. సీట్లో కుదురుగా కూర్చుంటే ఒట్టు. "కాదందే అమ్మాయ్, ముఖం మీదే కాదంది. ఇప్పుడు నమ్ముతా, మిగతా నలుగురూ నిజంగానే అవునన్నారని." ఆ తరవాత మూడు వారాలు ఇంటింటికీ తిరిగి ప్రతి ఒక్కరినీ మళ్ళీ అడిగాం. మిగిలినవాళ్ళంతా ఒప్పుకున్నారు. ప్రాజెక్టు నిలబడింది.

చిన్న కోడలి రక్తం పారబోసిన రోజు ఆంటీ పనిగట్టుకుని ల్యాబుకొచ్చారు. చీర కొంగు భుజం నిండా కప్పుకుని ఫ్రీజరు ముందు నిలబడ్డారు. ఖాళీ అయిన గడిలోకి పక్కనున్న రక్తం గొట్టాన్ని జరపబోయాను. "ఉండనీ" అన్నారు. జరపలేదు. ఆ పరిశోధన ముగిసేదాకా, ఫ్రీజరు తెరిచినప్పుడల్లా, మంచు పట్టిన గొట్టాల వరసలో ఆ ఒక్క గడి ఖాళీగా ఉండేది.