నేస్తానికి పెట్టిన చింతపండు

మొన్న అరకు వెళ్ళే రైల్లో, పర్యాటకుల కోసం వేసిన ఆ అద్దాల పెట్టెలో, చిన్న గొడవైంది. బండి కొండెక్కడం మొదలుపెట్టగానే ఏసీ గాలితో పాటు ఓ వాసన కూడా పెట్టెంతా తిరిగింది. ముందు వరసలో కెమెరా పట్టుకున్న అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. అతని భార్య అటెండరుని పిలిచి, ఎక్కడో ఎలక చచ్చి ఉంటుందని చెప్పింది. ఆ అటెండరు పాపం ప్రతి సీటు కిందికీ వంగి వెతికాడు. నేను లోయని చాలా శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాను. నా కాళ్ళ దగ్గరున్న సంచిలో, కవరు మీద కవరు చుట్టి, ఎండు నెత్తళ్ళ చేపలున్నాయి. ఎండు నెత్తళ్ళకి ప్లాస్టిక్ కవర్లంటే ఎప్పుడూ లెక్కలేదు. అవి నావి కావు. భీమిలి దగ్గర పల్లెలో ఒక ఇంటి కోడలు ఇచ్చింది, అరకు అవతల కొండ ఊళ్ళో ఇంకో ఇంటి కోడలికి అందజెయ్యమని. ఈ రెండు ఇళ్ళకీ ఏమిటి సంబంధమో చెప్పాలంటే నేను చాలా వెనక్కి వెళ్ళాలి. అరకు వచ్చేదాకా నాకు వేరే పని కూడా లేదు.

అది డెబ్భైల నాటి మాట. మా ఆయన అరకులో పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా. కాపురానికి వచ్చేసరికి మాకిచ్చిన క్వార్టరు సంత మైదానాన్ని ఆనుకుని ఉంది. రేకుల కప్పు. విజయనగరం అవతల వరిపొలాల మధ్య పెరిగినదాన్ని, ఆ చలికి నేను కుంపటి వదిలేదాన్ని కాదు. మా ఆయనకి మాత్రం చలి తెలిసేది కాదు, ఆయనకి సర్కులర్లుండేవి. కొందరు మగవాళ్ళు భోజనం దగ్గర పద్యాలు పాడతారు, మా ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన సర్కులర్లు చదివేవారు. పోడు కొట్టకూడదు, కాఫీ మొక్క నాటాలి, పందులు ఊరవతల ఉండాలి, మరుగుదొడ్డి ఊళ్ళో ఉండాలి. నేను ఊఁ కొడుతూ చారు పోసేదాన్ని. ఆ రోజుల్లో ప్రభుత్వం గురించి నాకు తెలిసిందల్లా, అది మాట్లాడటం మొదలుపెడితే చారు చల్లారిపోతుందని.

ఆ సర్కులర్లకి సమాధానం చెప్పే మనిషి వారానికోసారి మా వరండాలోకి వచ్చేది. సముద్రం ఒడ్డున భీమిలి దగ్గర పల్లె ఆమెది. నాకంటే బాగా పెద్ద, అప్పా అని పిలిచేదాన్ని. సంతకి ముందు రోజు బండి దిగి, నెత్తి మీద ఎండుచేపల గంపతో వచ్చి, మా వరండాలో పడుకుని, మర్నాడు సంత చేసుకుని వెళ్ళిపోయేది. గంప దించుతూనే మొదలుపెట్టేది. వాళ్ళ పల్లెలో చేపలవాళ్ళకి సంఘం పెట్టారట, దాని ప్రెసిడెంటు ఎన్నడూ కాలు తడుపుకోని మనిషట. నైలాను వలలు వచ్చాయట, వచ్చినవి వచ్చినట్టే ప్రెసిడెంటు బావమరిది దొడ్లో కోళ్ళకి కంచె అయ్యాయట. ఇంజను పడవ వచ్చిందట, దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నవాడికి ఈత రాదట. లోపల్నుంచి మా ఆయన దగ్గేవారు. "బాబుగారికి కోపం రానీకు సెల్లీ," అనేది అప్ప, ఆయనకి వినపడేలాగే. "నానేటి అబద్ధం సెప్పేను? కాపీ తాగనోళ్ళకి కాపీ మొక్కలు, ఈత రానోళ్ళకి పడవలు. గోర్మెంటోడు మంచోడే. ఇల్లు కనుక్కోడమే తెలీదు ఆడికి."

నవ్వుతూనే అనేది గానీ ఆమె బతుకంతా ఆ గంప మీదే ఉండేది. పడవ మీద పడి మొగుడికి నడుం విరిగింది, మళ్ళీ వేటకి వెళ్ళలేదు. సముద్రం ఒడ్డున ఎండుచేపలు లేని ఇల్లు ఉండదు, అక్కడ ఎవరు కొంటారు? విలువంతా కొండ మీద. అయితే కొండవాళ్ళ చేతిలో డబ్బు ఆడేది కాదు, చింతపండు ఉండేది. ఒక పోగు నెత్తళ్ళకి ఒక ముద్ద చింతపండు, అదీ వ్యాపారం. ఆ చింతపండు దించుకెళ్ళి చేపల పులుసు పెట్టుకునే ఇంటింటికీ అమ్ముకునేది అప్ప.

ఆమె దగ్గర ప్రతి సంతకీ చేపలు తీసుకునే కొండావిడ ఒకామె ఉండేది. మాకు కట్టెలు తెచ్చేది, వదినా అనేదాన్ని. వాళ్ళిద్దరి బేరం చూడ్డానికి జనం ఆగేవారు. అప్ప పోగు అడుగున రాలిన పొట్టు వేసి, పైన నిగనిగలాడే నెత్తళ్ళు పేర్చేది. వదిన చింతపండు ముద్ద మధ్యలో పిక్కలు దాచేది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. "పిక్కలతో పులుసెట్టుకోనా?" అని ఒకరూ, "పొట్టు నీ మొగుడికెట్టు!" అని ఇంకొకరూ అరుచుకునేవారు. సంతయ్యాక విడివిడిగా మా గుమ్మంలోకి వచ్చి, రెండోదానంత దొంగ ఎక్కడా ఉండదని నాకు చెప్పుకునేవారు. మరుసటి సంతకి మళ్ళీ ఒకరి కోసం ఒకరు వెతుక్కునేవారు.

అలాంటి రోజుల్లో ఆ రూలు వచ్చింది. మైదానం నుంచి వచ్చినవాళ్ళు కొండ సరుకు తీసుకోకూడదు, కొండవాళ్ళు అమ్మదలిస్తే సర్కారు డిపోకే అమ్మాలి. రూలు చెడ్డదని నేను అనను. గుప్పెడు ఉప్పు చేతిలో పోసి గంపెడు చింతపండు ఎత్తుకుపోయే సావుకార్లని నా కళ్ళతో చూశాను. కానీ వాళ్ళ కోసం వేసిన వలలో ముందు పడింది భీమిలి అప్ప. చేపలు అమ్ముకోవచ్చట, బదులు చింతపండు మాత్రం ముట్టుకోకూడదట, డబ్బే తీసుకోవాలట. ఆ డబ్బు డిపోలో ఉంది. డిపోకి తాళం ఉంది. తాళంచెవి ఉన్నాయన పని మీద దిగువకి వెళ్ళాడు. సావుకార్లకి లారీలూ తెలిసినవాళ్ళూ ఉన్నారు. అప్పకి గంప ఒక్కటే ఉంది. కొన్ని సంతల పాటు తెచ్చిన చేపలు తెచ్చినట్టే దించుకుపోయింది. ఓ సాయంత్రం వరండాలో కూర్చుని, "ఈ పాలి కూడా ఇలాగే ఎల్తే మా ఇంట పొయ్యి ఎలగదు సెల్లీ," అంది. ఆ సాయంత్రం ప్రభుత్వాన్ని ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు భయమేసింది.

మర్నాడు సంతలో తెగించింది. చేపలన్నీ వదినకీ, పక్కనున్న కొండ ఆడవాళ్ళకీ ఇచ్చి, గంపలో చింతపండు నింపుకుని, పైన గోనె కప్పి స్టేషను దారి పట్టింది. మా ఇంటి ముందే ఆపేశారు. కొత్తగా వచ్చిన ఆఫీసరుగారు, చిన్న వయసు, నిజాయితీపరుడు, అదే వచ్చిన చిక్కు. పక్కనే సర్కులరు పట్టుకుని మా ఆయన. గంప స్వాధీనం చేసుకోమన్నారు ఆఫీసరుగారు, ఈమె ఇక సంతలో అడుగు పెట్టడానికి వీల్లేదన్నారు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. మా ఆయన నా వైపు చూడలేదు.

అంతలో వదిన వచ్చింది. కొండ మీద మీరు అన్న మాట ఉండదు, ఎంత పెద్ద హోదా ఉన్నవాడైనా నువ్వే. "ఏటి బాబూ, నా నేస్తం గంప పట్టుకున్నావేటి నువ్వు?" అని అడిగింది.

ఇది సరుకు, రూలు ప్రకారం తప్పు అన్నారు ఆఫీసరుగారు.

"సరుకేటి? అమ్మకం నేదు, కొనడం నేదు. నా నేస్తానికి నానెట్టింది. నీకు సుట్టాలెవులూ ఏటీ ఎట్టరా?"

నేస్తమంటే మా వైపు ఉత్త స్నేహం కాదు, దేవత ఎదుట కట్టుకునే చుట్టరికం. కట్టుకున్నాక పెళ్ళికీ చావుకీ తోబుట్టువులా నిలబడాలి. ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు, నేస్తమనే పిలవాలి. అందుకే నేనూ ఇక్కడ వాళ్ళ పేర్లు రాయడం లేదు. ఆ ఇద్దరి మధ్య అలాంటిదేమీ లేదని సంతంతటికీ తెలుసు. సంతంతా నోరు మూసుకుంది. ఆఫీసరుగారు మా ఆయన వైపు తిరిగి, "దీని గురించి ఏమైనా ఉందా?" అన్నారు. సర్కులర్లన్నీ కంఠతా వచ్చిన మనిషి, ఆ కాగితాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు పైనుంచి కింది దాకా చదివి, "చుట్టాల పెట్టుపోతల గురించి ఏమీ లేదండి," అన్నారు. పెళ్ళయి అప్పటికి చాలా రోజులే అయింది గానీ, మా ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ పూటే అనుకుంటాను.

గంప దక్కింది. అయితే కొండ ఊరి పెద్దలు ఊరుకోలేదు. నలుగురిలో నేస్తమని అన్నాక కట్టుకోవలసిందే, లేకపోతే ఊరికి కీడన్నారు. తర్వాతి సంత రోజునే ఊరి దేవత రాయి ముందు ఇద్దరినీ నిలబెట్టారు. ఒకరి చీర ఒకరికిచ్చుకున్నారు, ఒకరి తలలో ఒకరు పువ్వు పెట్టుకున్నారు, ఒకే ఆకులో అన్నం తిన్నారు. తింటున్నంతసేపూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూనే ఉన్నారు. ఆఫీసరుగారు కూడా వచ్చారు. అసలు నేస్తం ఎప్పుడు కట్టుకున్నారని ఎవరినీ అడగలేదు, కోడికూర తిని వెళ్ళిపోయారు. నిజాయితీపరుడే కాదు, మంచివాడు కూడా.

కష్టమంతా ఆ తర్వాత మొదలైంది. నేస్తంతో బేరమాడకూడదు. అప్ప పొట్టు ఏరేసి మంచి నెత్తళ్ళే పెట్టాలి, పైగా సావిడాయ చేపలు కూడా వెయ్యాలి. వదిన పిక్క తీసి చింతపండు ఇవ్వాలి, మీద ఓ గుమ్మడికాయ పెట్టాలి. ఒకరు ఎక్కువ పెడితే రెండోవాళ్ళు అంతకంటే ఎక్కువ పెట్టకపోతే తలవంపు. ఇద్దరూ మునుపటిలాగే విడివిడిగా మా గుమ్మంలోకి వచ్చేవారు. "మళ్ళీ గంపెడెట్టీసింది సెల్లీ! ఇలాగైతే నానేటి తిని బతుకుతాను?" అని అప్ప లబోదిబోమనేది. ఇది చూసి ఒడ్డు నుంచి వచ్చే మిగతా చేపల ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే నేస్తం కట్టుకున్నారు. ఒక సావుకారు కూడా కట్టాడు. కట్టిన కొద్ది రోజులకే అతని కూతురి పెళ్ళికి కొండ మీది నేస్తం ఊరంతటినీ వెంటబెట్టుకుని, డప్పులతో సహా దిగి, పెళ్ళి అయినా కదలకుండా అరుగు మీద కూర్చున్నాడని చెప్పుకున్నారు. ఆ సావుకారు మళ్ళీ మా సంతలో కనిపించలేదు. రూలు చెయ్యలేని పని డప్పులు చేశాయి.

కొన్నాళ్ళకి ఒక కార్తీకంలో తుఫాను వచ్చింది. కొండ మీద మాకు ముసురు పట్టింది, అంతే. ఒడ్డున పడవలు పోయాయని రేడియోలో విన్నాం. అప్ప సంతకి రాలేదు. వదిన బండి వచ్చే వేళకి స్టేషనుకి వెళ్ళి నిలబడేది, దిగినవాళ్ళందరినీ చూసి వెనక్కి వచ్చేది. అలా కొన్ని రోజులు చూసి ఓ పొద్దున్న మా ఇంటికి వచ్చి, "దారి నువ్వు సూపించు," అంది. కొండ దిగువకి ఎన్నడూ వెళ్ళని మనిషి. చోళ్ళూ, అదే రాగులూ, ఉలవలూ, చింతపండూ మూటలు కట్టుకుని ఆ ఊరి ఆడవాళ్ళు మరికొందరు వెంట వచ్చారు. దిగువ స్టేషనులో గేటు దగ్గర ఈ మూటలేమిటని ఎవరో ఆపితే, వదిన పాత మాటే చెప్పింది, నా నేస్తానికి పెట్టేవని. ఈసారి అది అబద్ధం కాదు.

అప్ప ఇల్లున్న చోట మట్టి దిబ్బ ఉంది. దాని ముందు కూర్చుని, సర్కారు సాయంగా ఇచ్చిన బియ్యం చాటలో ఏరుకుంటోంది. మమ్మల్ని చూసి సంతోషించలేదు. కోపంతో ముఖం ఎర్రబడింది. "ఎందుకొచ్చేవు? సేపల్నేవు. నీకెట్టడానికి నా కాడ ఏటీ నేదు," అంది. వదిన ఆ మాట విన్నట్టే లేదు. ఆమె సముద్రాన్ని చూస్తోంది. అరకులో వాగులూ గెడ్డలూ తప్ప ఏమీ ఎరగని మనిషి, మూట నెత్తి మీద నుంచి దించడం కూడా మర్చిపోయింది. మూటతో అలాగే నిలబడి అంది, "ఇంత నీరెట్టుకుని ఏటీ నేదంటావేటి నేస్తం?"

అప్ప ముందు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. తుఫాను తర్వాత ఆమె ఏడవడం అదే మొదలని మొగుడు నులక మంచం మీద నుంచి చెప్పాడు. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. ఆ మధ్యాహ్నం సాయం బియ్యమే వండింది, ముక్కిన వాసన. వదిన తెచ్చిన చింతపండుతో చారు కాచి, ఇద్దరూ మళ్ళీ ఒకే ఆకులో తిన్నారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి అప్ప మామూలు మనిషైంది. "సూసేవా సెల్లీ, గోర్మెంటు బియ్యం కొండోళ్ళకి సేరిపోయింది. ఈ పాలి ఇల్లు కనుక్కున్నాడు," అంది.

మళ్ళీ గంప ఎత్తుకోవడానికి ఆమెకి మరుసటి వేసవి దాకా పట్టింది. అందాకా చోళ్ళు కిందికి దిగుతూనే ఉన్నాయి. తర్వాత మాకు బదిలీ అయింది, అయినా ఇద్దరి ఇళ్ళకీ నా రాకపోకలు ఆగలేదు. అప్ప పోయి చాలా కాలమైంది. వదిన నిరుడు పోయింది. మొన్న అరకులో దిగి, ఆ కొండ ఊరికెళ్ళి సంచి అందజేస్తే, వదిన కోడలు కవర్లు విప్పి వాసన చూసి, తృప్తిగా తలూపింది. తిరుగు ప్రయాణానికి నా చేతిలో చింతపండు ముద్ద పెట్టింది. "పిక్కలు తీసీసినానని మరీ మరీ సెప్పమ్మా," అంది.

ఆ రూలు ఇంకా ఉందో, ఎప్పుడైనా ఎత్తేశారో కనుక్కుందామని సంతలో ఒకరిద్దరిని అడిగాను. అలాంటిది ఒకటి ఉండేదనే ఎవరికీ గుర్తు లేదు. చెప్పగల మా ఆయన ఇప్పుడు లేరు. దాన్నుంచి తప్పించుకోవడానికి ఒక పూట సంతలో ఆడిన అబద్ధం మాత్రం, ఆడినావిడ పోయాక కూడా, ఇంకా రైలెక్కి కొండ ఎక్కుతోంది, దిగుతోంది.