సముద్రం కలిసిన పులిహోర

ఈ ఉదయం గుడి తలుపులు తీసేసరికి ఇంగువ వాసన నాకంటే ముందే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. మెట్రో స్తంభాల పక్క సందులో కొత్తగా బండి పెట్టినవాడెవరో పులిహోరకు పోపు వేస్తున్నాడు. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, చివర్న చిటికెడు ఇంగువ. ఆ వాసన షేర్ ఆటోల పొగనూ, కోచింగ్ సెంటర్లకు పరుగెత్తే పిల్లలు చల్లుకున్న సెంటునూ, హాస్టల్ పైపులోంచి కారే సబ్బునీళ్ల కంపునూ భుజాలతో తోసుకుంటూ వచ్చి, యాభై దాటిన ఈ పంతులు ముక్కు పట్టుకుని నేరుగా మా తాత వంటశాలలోకి లాక్కుపోయింది. అమీర్‌పేటలో ఒక చిన్న ఆంజనేయస్వామి గుడికి నేను అర్చకుణ్ణి. నాకు ముందు మా తాత ఇక్కడే అర్చకుడు. జరిగినదానికి కాస్త చేర్చి చెబుతానని మా వీధిలో నాకు పేరుంది, ఆ పేరు నిజమే. చేర్చినవి ఏవో మీకే తెలిసిపోతాయి. చేర్చనివే నమ్మడం కష్టం.

నా చిన్నప్పుడు ఇక్కణ్ణుంచి పంజాగుట్ట దాకా బండలే బండలు. ఏనుగులు పడుకుని లేవడం మరిచిపోయినట్టుండేవి. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. వానాకాలం వెళ్లగానే కాయలు కళ్లు విచ్చేవి, మేం వాటిని తెంపుకొచ్చి బియ్యం డబ్బాలో దాచి, పండాయో లేదో అని పూటపూటకూ వేలితో నొక్కి చూసి, చివరికి పండకముందే తినేసి, కడుపునొప్పని బడి ఎగ్గొట్టేవాళ్లం. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు దొరికితే చార్మినార్ గడియారంలో టైమెంతైందో కనబడేది. మా వీధి పిల్లలెవరూ ఈ మాట కాదనలేదు, ఎందుకంటే వాళ్లెవరికీ టైము చూడ్డం రాదు. గిల్లీదండాలో నేను కొట్టిన గిల్లీ ఒకటి ఇప్పటిదాకా కింద పడలేదు. ఎండాకాలం మా నాయనమ్మ డాబా మీద ఒక చివర నుంచి అప్పడాలు పరుచుకుంటూ రెండో చివరకు చేరేసరికి, మొదట పరిచినవి వేగిపోయి ఉండేవి. ఆషాఢంలో బోనాల డప్పులకు మా గుడి గంట తనంతట తానే ఊగేది. రంజాన్ నాడు వెనక వీధి నుంచి పాలసేమ్యా గిన్నె వచ్చేది, ఆ గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదని నాయనమ్మ దాంట్లో బెల్లం ముక్కలు వేసి పంపేది, ఆ బెల్లం ముక్కలు దారిలో ఏమయ్యేవో మోసుకెళ్లిన నాకే తెలుసు.

గుడి వెనక రెండు గదుల్లో తాత, నాయనమ్మ, అమ్మ, నాన్న, నేను. నాన్న ఆఫీసుకు పోయేవాడు, గుడి తాతది. ఆయన బక్కపలచని మనిషి, చెవుల మీద వెంట్రుకలు, బొడ్లో నశ్యం డబ్బా. క్రికెట్ కామెంటరీ వచ్చే రోజుల్లో ట్రాన్సిస్టర్ గర్భగుడి గడప ఇవతల ఉండేది, అవతలికి వెళ్లేది కాదు. మనవాళ్ల వికెట్ పడితే మాత్రం హారతి గంట కొంచెం గట్టిగా మోగేది. బయట నీళ్లు కూడా తాగని నిష్ఠ ఆయనది. అయినా సాయంత్రం పూట నన్ను వేలు పట్టుకుని ఇరానీ హోటల్ దాకా నడిపించి, వీధికి ఇవతలే నిలబడి, చాయ్ మరిగే వాసనను కళ్లు మూసుకుని తాగేవాడు. ‘వాసనకు దోషం లేదురా’ అనేవాడు. పరీక్షలకూ పెళ్లిళ్లకూ మొక్కుకోవడానికి వచ్చేవాళ్లతో ఆయన చెప్పే మాట ఒకటే: ‘అడుగు బిడ్డా, నీ ఇష్టం. గానీ తొందరపెట్టకు. ఆయన పోవాల్సిన ఇండ్లు ఇంకా మస్తున్నయి.’ దేవుడి గురించి పెద్ద పెద్ద ఉపన్యాసాలు తర్వాత చాలా విన్నాను. నాకు పనికొచ్చింది మాత్రం ఈ మాటే.

వాసనకు దోషం లేదన్న ఆయనే, స్వామి నైవేద్యం వండేటప్పుడు మాత్రం మూతికి అంగవస్త్రం కట్టుకునేవాడు. స్వామి తినకముందు మనం రుచి చూడకూడదు, వాసన కూడా పీల్చకూడదు. అది మా ఇంటి కట్టడి. పులుపు ఎంతైందో పులుసు రంగు చూసి తెలుసుకోవాలి, కారం పోపు చిటపటలు విని తెలుసుకోవాలి. ఉప్పుకు మాత్రం చూపూ లేదు, చప్పుడూ లేదు. అది పూర్తిగా తాత గుప్పిట్లో ఉండేది. గళ్లుప్పు జాడీలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, వేళ్లు వదులు చేస్తూ అన్నం మీద చల్లేవాడు, అంతే. అది ఎన్నడూ తప్పలేదు.

తర్వాత ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట తీర్థం ఉద్ధరిణె వణికింది. తర్వాత ఒకనాడు హారతి పళ్లెం జారి, కర్పూరం వెలుగుతూనే నేల మీద దొర్లింది. అది గుడి కమిటీ పెద్ద యాదగిరి పటేల్ కళ్ల ముందే జరిగింది. పటేల్ వాళ్లకు ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వరిమళ్లు ఉండేవి. మళ్లలో ఇళ్లు లేచాక బర్రెలు మిగిలాయి, తలపాగా మిగిలింది, మీసాలు మిగిలాయి. మనిషి చెడ్డవాడు కాదు. శ్రీరామనవమికి ముందు ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని అన్నాడు.

“అయ్యగారూ, చేతులు మాట వింటలేవు మీకు.”

“వింటలేవు పటేలా.”

“గీ నవమి మంచిగ గడవనియ్యున్రి. ఏ లోపం రాకుంటే మీరే ఉండున్రి. వస్తే మాత్రం, వయసులున్న అయ్యగారినొకరిని తెస్తం. ఊరంత వస్తది గద, నన్నే అడుగుతరు.”

తాత తలూపాడు. కొత్త అర్చకుడు వస్తే గుడి వెనక గదులు ఆయనకే. మేం ఎక్కడికి పోతామని అమ్మ నాన్నను గుసగుసగా అడగడం విన్నాను. నాకు మాత్రం బెంగ గదుల గురించి కాదు. స్వామికి స్నానం చేయించని తెల్లవారుజాము మా తాతకు ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా నా బుర్రకు తట్టలేదు.

నవమి వచ్చింది. తెల్లవారకముందే గాడిపొయ్యి మీద గుండిగలో అన్నం ఉడికింది. నాయనమ్మ దాన్ని పెద్ద ఇత్తడి తాంబాళాల్లోకి వంచి, పసుపు, నూనె కలిపి ఆరబోసింది. పందిట్లో మామిడాకులు, సీతారాముల ఉత్సవ విగ్రహాలకు పట్టుబట్టలు, మిరియాలు యాలకులు దంచి వేసిన పానకం బిందెలు, నానబోసిన వడపప్పు. తాత మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి జాడీలో చెయ్యి పెట్టాడు, చల్లాడు. ఒక క్షణం తన చేతి వంకే చూసుకున్నాడు. మళ్లీ జాడీలో చెయ్యి పెట్టి మళ్లీ చల్లాడు. పందిట్లోంచి పిలుపొస్తే కళ్యాణానికి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక నాయనమ్మ అటూ ఇటూ చూసి, తనూ ఒక పెద్ద గుప్పెడు అన్నం మీద చల్లి, చింతపండు పులుసు పోసి, పోపు వేసి కలిపి, మళ్లీ గుండిగలోకి ఎత్తేసింది. అప్పుడు నేను వడపప్పు దగ్గర ఉన్నాను కాబట్టి ఇవేవీ చూడలేదు. ఇదంతా తర్వాత ఇంట్లో రోజుల తరబడి జరిగిన విచారణలో తేలిన సంగతి.

కళ్యాణం కన్నుల పండుగగా జరిగింది. తాత రెండు చేతులతో పట్టుకున్న తాళి కొంచెం ఊగింది, అది గాలికని అందరూ అనుకున్నారు. తెర వేశారు, నైవేద్యం పెట్టారు, తెర తీశారు. నాన్న గరిటెతో, నేను దొన్నెలతో గుండిగ దగ్గర నిలబడ్డాం. మొదటి దొన్నె పటేల్‌కు. ఆయన కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. మీసాలు రెండూ ఒక్కసారి పైకి లేచి, నిదానంగా కిందికి దిగాయి. ప్రసాదం ఉమ్మేయడానికి లేదు, వద్దనడానికి లేదు. మింగాడు. కళ్లలో నీళ్లు నిండాయి. ఆయన వెనక ఉన్నవాళ్లకూ అంతే. ముందువాళ్లు కళ్లు తుడుచుకోవడం చూసి వెనకవాళ్లు, ‘ఈసారి కళ్యాణం ఎంత గొప్పగా అయిందో, అందరు ఏడుస్తున్నరు’ అనుకున్నారు. ఆ భక్తి సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, పంజాగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా బస్సు వదిలేసి వచ్చి వరుసలో చేరారు.

తీర్థం ఇస్తున్న తాతకు ఇదేమీ తెలియదు. పటేల్ దొన్నె పట్టుకుని ఆయన ముందుకు వచ్చాడు.

“అయ్యగారూ, గిదేంది?”

నాకు గుండె గొంతులోకి వచ్చింది. గుండెతో పాటు ఒక కథ కూడా వచ్చింది.

“పటేల్ తాతా, అది ఉప్పు కాదు! రాత్రి స్వామి లంకకు పోయొచ్చిండు. వచ్చేటప్పుడు తోక సముద్రంల మునిగింది. పొద్దుగాల గుండిగ పక్కనే ఆరబెట్టుకున్నడు, నేను చూసిన!”

వరుస వరుసంతా పకపకా నవ్వింది. ఒక ముసలమ్మ మాత్రం నవ్వకుండా నాకు దండం పెట్టి లెంపలేసుకుంది. ఆ కాసేపు తాత నవ్వి ఊరుకుని ఉంటే పటేల్ కూడా నవ్వేసేవాడే. తాత ఊరుకోలేదు. గుండిగలోంచి నాలుగు మెతుకులు అరచేతిలో వేసుకుని తిన్నాడు. ఆ ముఖం ఎలా మారిందో చెప్పడానికి నా దగ్గరున్న అబద్ధాలు చాలవు.

“పటేలా, పిల్లగాడు మంచిగనే చెప్పిండు గానీ స్వామి మీద నింద వద్దు. ఉప్పేసింది నేను. చేతిలకెళ్లి జారిపోయిందేమోనని ఇంకో గుప్పెడు వేసిన. లోపం నాది. ఆ కొత్తాయనను పిలిపియ్యి.”

వంటశాల తలుపు చాటు నుంచి నాయనమ్మ గొంతు ఖంగుమంది. “ఆయనొక్కరే కాదు, నేను సుత వేసిన!”

తాత గిర్రున తిరిగాడు. “నువ్వెందుకు వేసినవే?”

“సగం కిందనే పోయుంటదనుకున్న.”

“నన్నొక్క మాట అడగొద్దా?”

“అడిగితే ఒప్పుకుంటరా మీరు?”

ఇది పందిట్లో జరిగిన రెండో కళ్యాణం. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి వరలక్ష్మిగారు ముందుకొచ్చారు. భర్త ఉద్యోగం బదిలీ అయి భీమవరం వైపు నుంచి వచ్చి మా వీధిలో కాపురం పెట్టిన ఆవిడ. మా ప్రసాదం తిన్నప్పుడల్లా పులుపు తక్కువనో, పోపు మాడిందనో ఏదో ఒకటి అనకుండా దొన్నె పారేసేవారు కాదు. తాతకు ఇక అయిపోయిందనుకున్నాను.

“ఏంటండీ పటేల్ గారూ, అంత ఆలోచిస్తున్నారు? బాగోలేకపోతే బాగోలేదని ముందు చెప్పేది నేనే. ఇది అస్సలు బాగోలేదు. కానీ ఒక్క మెతుకు నాలిక మీద వేసుకుని ఉంటే వీళ్లిద్దరిలో ఎవరికో ఒకరికి తెలిసిపోదూ? వేసుకోలేదన్నమాటేగా! రేపొచ్చే కుర్రాడు గరిటె నాకి చూసుకుని వండాడనుకోండి, కమ్మగానే ఉంటుంది. ఎంగిలిది పెడతారా స్వామికి?”

పటేల్ గుండిగ వంక చూశాడు, స్వామి వంక చూశాడు, చివరికి తాత చేతుల వంక చూశాడు. ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి.

“నిజమే గదా,” అన్నాడు మెల్లగా. తర్వాత మీసం దువ్వుకుని అందరికీ వినపడేట్టు, “కొత్తాయన ఎవరు లేరు, ఏం లేరు. మన అయ్యగారే ఉంటరు. గానీ ఉప్పు మాత్రం ఇగ నుంచి ఒక్కరే వెయ్యున్రి! ఏయ్, పానకం తేండ్రి జల్ది, చచ్చిపోతున్న!”

పానకం బిందెలు ఖాళీ అయ్యాయి. పటేల్ ఇంటి నుంచి కావిడ్లతో మజ్జిగ వచ్చింది, అదీ అయిపోయింది. సాయంత్రానికి అమీర్‌పేటలో బావులన్నీ అడుగంటాయి. గుండిగలో మాత్రం ఒక్క మెతుకు మిగల్లేదు. స్వామి తిన్నది పారేసేవాళ్లెవరూ ఆ వీధిలో లేరు.

ఆ పొద్దుగూకే వేళ తాత అరుగు మీద కూర్చుని నన్ను దగ్గరికి పిలిచాడు. దెబ్బలు తప్పవనుకుంటూ వెళ్లాను.

“ఒరే, స్వామి తోక ఏ పక్కన ఆరబెట్టుకున్నడ్రా?”

“గుండిగకు కుడిపక్కన, తాతా.”

ఆయన నశ్యం పీల్చాడు. “కుడిపక్కన పొద్దుగాల ఎండ రాదు. ఎడమపక్కన అని చెప్పాలె,” అన్నాడు.

తర్వాత చాలా ఏళ్లు, లేవలేని రోజు వచ్చేదాకా, ఆయనే స్వామికి స్నానం చేయించాడు. హారతి పళ్లెం కింద నా చెయ్యి కూడా ఉండేది.

ఇప్పుడా బండలు పగిలి ఏ గోడల్లోనో కలిసిపోయాయి, పంజాగుట్టలో వాటి చోట ఫ్లైఓవర్ ఉంది. రెండంతస్తుల బస్సు లేదు. ఇరానీ హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం, దాని నుంచి ఏ వాసనా రాదు. పటేల్ బర్రెల కొట్టం నాలుగంతస్తుల హాస్టల్ అయింది. పటేల్ లేడు, వరలక్ష్మిగారు లేరు, నాయనమ్మా లేదు. కట్టడి మాత్రం ఉంది. నేనూ మూతికి గుడ్డ కట్టుకునే వండుతాను; ఉప్పు మా ఆవిడ ఒక్కతే వేస్తుంది, జాడీ జోలికి నన్ను రానివ్వదు. అన్నిటికంటే ఎక్కువగా పోయిందేమిటంటే వంకలు పెట్టేవాళ్లు. ఇప్పటి పిల్లలు మంచివాళ్లు, చెవుల్లో పాటలు పెట్టుకుని వస్తారు, ప్రసాదానికి ఫొటో తీస్తారు, తింటారు, థాంక్యూ అంటారు, వెళ్లిపోతారు. ఎలా ఉందో ఎవరూ చెప్పరు. ఏళ్లుగా ఏమీ తెలియకుండానే వండుతున్నాను.

మొన్న నవమికి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కునే ఒక అమ్మాయి, భుజాన లాప్‌టాప్ సంచితో వరుసలో వచ్చింది. దొన్నె అందుకుని అక్కడే నిలబడి ఒక ముద్ద తిని, ముఖం అదోలా పెట్టి, వెనకవాళ్లు తోస్తున్నా కదలకుండా, “పంతులుగారూ, ఏమనుకోకున్రి, ఉప్పు జర తక్కువైంది,” అంది.

నాకు ఎంత సంతోషమైందంటే, వరుస సంగతి మరిచి గరిటె గుండిగలోనే వదిలేశాను.

“గీసారి స్వామి మెట్రోల వచ్చిండమ్మా,” అన్నాను. “సముద్రం తగల్లే.”

వరుసలో వెనకున్న కుర్రాళ్లు ఫోన్ల నుంచి తలలెత్తారు. ఆ అమ్మాయి నా వంక చూసింది, లోపల స్వామి వంక చూసింది, నవ్వలేదు. దొన్నె మళ్లీ నా ముందుకు చాపి, “తోక తలుపులల్ల ఇరకలేదా మరి?” అని అడిగింది.

గరిటె నిండా తీసి వేశాను.