అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యే బడి

లెక్కల గుమస్తాకి ఇరవై ఆరేళ్ల సర్వీసులో అంకెలంటే విసుగు పుట్టిందే కానీ ఎప్పుడూ భయం వేయలేదు. ఈసారి వేసింది. సర్కారు బడిలో ఒక్కో విద్యార్థికి ఏడాదికి ఎంత ఖర్చు పెడితే చదువు సరిగ్గా సాగుతుందో తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పద్ధతి కూడా పైవాళ్లే చెప్పారు. పిల్లలు బాగా చదువుతున్న బడుల్లో అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యేది ఏదో చూడాలి, ఆ ఖర్చే అన్ని బడులకీ కొలత. మూడు వారాలు కళ్లు పొడుచుకుని చూస్తే, చివరికి జాబితాలో మొదటి వరుసలో నిలిచింది అతని అక్క బడి.

అక్క అక్కడ హెడ్మిస్ట్రెస్. ఆ బడి అంత చవగ్గా ఎలా నడుస్తుందో అతనికి బాగా తెలుసు. ఊడ్చే మనిషికి జీతం ఇచ్చేది అక్క. నోటు పుస్తకాలు కొనేది అక్క. పోయినేడు కిటికీలకి రెక్కలు పెట్టించిందీ అక్కే. ఏటా ఫారంలో 'ఇతర ఖర్చులు' అన్న గడిలో మాత్రం 'లేవు' అని గుండ్రటి అక్షరాలతో రాసి పంపుతుంది. చేతి చమురు వదిలించుకుని, పైగా ఆ సంగతి దాచిపెట్టే మనిషిని ఏమనాలి? అన్నీ తెలిసీ నోరు మెదపకుండా ఆ ఫారాల మీద ముద్ర వేసింది మాత్రం అతనే. ఆ మాటకొస్తే తప్పులో సగం అతనిదే.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బడికి వెళ్లాడు. అక్క స్టాఫ్‌రూంలో కూర్చుని పుస్తకాలకి ఊడిన అట్టలు అతికిస్తోంది.

"అసలు ఖర్చు రాసివ్వక్కా. రేపు మధ్యాహ్నం లెక్క పైకి పోతుంది. ఇదే ఖాయమైతే అన్ని బడులకీ ఇంతే ఇస్తారు."

"ఇన్నాళ్లూ అబద్ధం రాశానని నేనే సంతకం పెట్టివ్వాలా? ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నా. నా పరువు తీస్తావేంట్రా?"

"నువ్వెళ్లాక వచ్చేవాళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అక్క ఇంకో రెండు అట్టలు అతికించి, చేతులు తుడుచుకుని, కాగితం ఇమ్మంది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయింది.

"ఇంత పెట్టానా? ఒరేయ్, మీ బావకి చెప్పకు."

మర్నాడు పొద్దున్నే అతను కొత్త అంకె ఎక్కించాడు. అక్క బడి పదకొండో వరుసకి దిగింది. హమ్మయ్య అనుకునేలోపే మొదటి వరుసలోకి ఇంకో బడి ఎక్కి కూర్చుంది. దాని ఖర్చు అక్క రాసిన పాత అంకె కంటే రవ్వంత ఎక్కువ. దాని ఫారంలోనూ ఇతర ఖర్చులు 'లేవు'. దాని కిందిదానికీ లేవు. ఆ కిందిదానికీ లేవు. 

మధ్యాహ్నానికి ఇంకా మూడు గంటలుంది. ఆ కొత్త బడి హెడ్మాస్టరుకి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, లెక్కల సెక్షన్ నుంచి మాట్లాడుతున్నాను. ఉన్నమాట చెప్పండి. బడికి మీ జేబులోంచి ఏడాదికి ఎంత పెడుతున్నారు?"

 అవతల ఆ పెద్దాయన గొంతు బాగా తగ్గించాడు.

"మీకెవరు చెప్పారండీ? దయచేసి ఎక్కడా రాయకండి."