గోడకి రెండు కన్నాలు

ఆర్విల్ ట్వేట్ ముప్పైయెనిమిదేళ్ళు బడి బాయిలర్ గదిలో పనిచేసి రిటైరయ్యాడు. అందుచేత మా ఊరు లిటిల్ పైక్‌లో ఎవరింట్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు మూలిగినా ముందు ఆయన్ని పిలిచి, ఆ తరవాతే మెకానిక్కుని పిలిచేవారు. ఆయన వచ్చి, రేకుకి చెవి ఆన్చి, కళ్ళు మూసుకుని "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"లో ఏముందో ఎవరికీ తెలియదు గానీ, వినగానే ఇంటిల్లిపాదికీ సగం చలి తగ్గేది.

ఏటా నవంబరు మొదటి శనివారం, పదకొండు గంటలకి, చర్చి కింద హాల్లో ఆయన ఉపన్యాసం ఉంటుంది. ఇంటి ఫర్నేసు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు. ఇరవై రెండేళ్ళుగా అదే ఉపన్యాసం, జాగ్రత్తకొకటి చొప్పున రాసిన అవే అట్టముక్కలు, అవే మూడు జోకులు. ఫిల్టరు నెలనెలా మార్చండి. ఫర్నేసు పక్కన పెయింటు డబ్బాలు పెట్టకండి. గ్యాసు వాసనొస్తే లైటు స్విచ్చు కూడా ముట్టుకోకుండా బయటికి నడవండి, ఫోను బయటినుంచే చెయ్యండి. వంట పొయ్యి వెలిగించి ఇల్లు వెచ్చబెట్టుకోకండి, అందులోంచి వచ్చే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. దాన్ని కనిపెట్టే అలారం మోగితే బ్యాటరీ పీకకండి. జనం శ్రద్ధగా తలలూపి, మాంసం మీద ఆలూ ముక్కలు పరిచి కాల్చిన హాట్‌డిష్ తిని, ఇళ్ళకి పోయి అన్నీ యథాప్రకారం చేసుకునేవారు.

ఈ ఏడు వేసవిలో ఊళ్ళో ఏడిళ్ళకి కొత్తరకం ఫర్నేసులు వచ్చాయి. అందులో ఆర్విల్ ఇల్లొకటి. ఈ కొత్తవాటికి పొగగూడు అక్కర్లేదు. మోకాలెత్తున గోడకి రెండు కన్నాలు పొడిచి, రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికి పెడతారు. ఒకటి గాలి పీల్చడానికి, ఒకటి వదలడానికి. బిగించడానికి వచ్చినతను పోతూ పోతూ "ఈ గొట్టాల ముందు ఏమీ అడ్డం లేకుండా చూసుకోండి" అన్నాడు. ఆర్విల్ "ఊఁ" అన్నాడు. బిడ్డకి పాలెలా పట్టాలో తల్లికి చెప్పినట్టుంది ఆయనకి. పొగన్నది పైకి పోతుంది. జీవితమంతా ఆయన చూసిన పొగ పైకే పోయింది. మోకాలెత్తున ప్లాస్టిక్ గొట్టంలోంచి పోయేదాన్ని పొగ అని ఒప్పుకోవడానికి ఆయనకి మనసు రాలేదు.

అక్టోబరు చివర మావాళ్ళు ఇళ్ళకి గడ్డి కడతారు. పునాది చుట్టూ గడ్డిమోపులు వరసగా పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, చలిగాలి నేలలోంచి ఇంట్లోకి దూరకుండా చేస్తారు. తాతలనాటి పని. ఎవరు ఎంత బిర్రుగా పేర్చారన్నది మగాళ్ళు పైకి అనుకోని పోటీ. ఆర్విల్ తన మోపులు పేర్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. మధ్యలో ఆ రెండు గొట్టాలు. ఇంటికి కన్నం వేసిన దొంగల్లా కనిపించాయి ఆయనకి. ఇంకో రెండు మోపులు తెచ్చి వాటి మీదకి నొక్కి పెట్టాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆదివారం చర్చి అయ్యాక కాఫీల దగ్గర కొత్త ఫర్నేసుల వాళ్ళందరికీ చెప్పాడు కూడా. "ఆ కన్నాలు వదలకండి. చలంతా అందులోంచే వస్తుంది." తక్కిన ఆరుగురూ వెళ్ళి మోపులు పెట్టుకున్నారు. ఆయన చెప్పాడంటే ఇంక అడిగేదేముంది?

శుక్రవారం సాయంత్రం ఉత్తరపు గాలి తిరిగింది. శనివారం తెల్లవారేసరికి కుక్క నీళ్ళ గిన్నె గడ్డకట్టింది, ఆర్విల్ ఫర్నేసు ఆగిపోయింది. ఆయన నేలమాళిగలోకి దిగి చూశాడు. చిన్న ఎర్రదీపం మూడుసార్లు మిణుకుమని ఆగుతోంది, మళ్ళీ మూడుసార్లు. స్విచ్చు ఆపి వేశాడు. అది గుర్రుమని, ఆలోచించి, మళ్ళీ మూడుసార్లు కన్నుకొట్టింది. రేకుకి చెవి ఆన్చాడు. అది ఏమీ చెప్పలేదు.

పైన ఆయన భార్య ఆర్డిస్ శాలువా మీద శాలువా కప్పుకుని కూచుని ఉంది.

"మెకానిక్కుకి ఫోన్ చెయ్యనా?" అంది.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"వాడి బండి మన ఇంటి ముందు ఆగితే ఏమవుతుందో తెలుసా? బండి మీద మూరెడు అక్షరాలతో ఫర్నేసు రిపేర్లని రాసుంటుంది. అదీ ఇవాళ. పదకొండింటికి నేను అక్కడ నిలబడి మాట్లాడాలి."

"అయితే చలిలో చద్దామా?"

"చావడమెందుకు. ఆలుగడ్డలు కాలుద్దాం," అన్నాడు ఆర్విల్.

కాల్చడానికి ఉన్నవి నాలుగు ఆలుగడ్డలు. వాటికోసం గ్యాసు పొయ్యి పూర్తిగా తిప్పి, దాని కింద కాల్చే అర తలుపు బార్లా తెరిచి, ముందు కుర్చీ వేసుకుని కూచున్నాడు. తలుపు తెరిచి ఆలుగడ్డ కాల్చే పద్ధతి ఆర్డిస్ ఎప్పుడూ చూడలేదు. కానీ వాళ్ళ పెళ్ళయి నలభైయొక్క ఏళ్ళయింది. కొన్ని చూసీ చూడనట్టు ఉండటం ఆవిడకి అలవాటే.

గంటన్నరకి ఆవిడకి తలనొప్పి మొదలైంది. ఆయనకీ మొదలైంది, కానీ అది ఉపన్యాసం బెంగ అనుకున్నాడు. తొమ్మిదిన్నరకి నడవ గోడ మీది అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది.

ఆర్విల్ స్టూలెక్కాడు. వెనకనుంచి ఆర్డిస్ తాపీగా అడిగింది.

"ఆర్విల్, ఆ అయిదో అట్టముక్క మీద ఏం రాసుంటుంది?"

చెయ్యి బ్యాటరీ మీద ఉంది.

"ఇరవై రెండుసార్లు విన్నాను. ముందు వరసలో కూచుని విన్నాను. నేను చెప్పనా?" ఆవిడ అప్పటికే కోటు తొడుక్కుని, ఆయన కోటు చేతిలో పట్టుకుని ఉంది. వస్తూ వస్తూ పొయ్యి కూడా కట్టేసింది. "దిగు. కుక్కని పట్టుకో. బయటినుంచి ఫోన్ చేస్తున్నాను."

ఫైరింజనొచ్చింది. మా ఊళ్ళో అగ్నిమాపకదళమంటే వేరే ఎవరో కాదు. హార్డ్‌వేర్ కొట్టు నడిపే బ్రెండా నికులా దానికి పెద్ద, పోస్టాఫీసు క్లర్కు డ్రైవరు. అందరూ ఆయన ఉపన్యాసం విన్నవాళ్ళే. మొగుడూ పెళ్ళాలిద్దరినీ బండిలో కూచోబెట్టి, తలనొప్పి సంగతి అడిగి, ఆక్సిజన్ పట్టి, తలుపులూ కిటికీలూ తీసి, విషవాయువుని కొలిచే మీటరుతో లోపలికి వెళ్ళింది బ్రెండా. కాసేపటికి బయటికొచ్చి ఇంటి చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది. గడ్డిమోపుల దగ్గర ఆగింది. ఒకటి లాగింది. వంగి చూసింది. రెండోది లాగింది.

చిన్నప్పుడు బడిలో ఆవిడ తడిసిన చేతితొడుగులు ఈయన బాయిలర్ మీదే ఆరబెట్టుకునేది. ఆ గౌరవం ఇంకా పోలేదు.

"ఆర్విల్ గారూ, మీ ఫర్నేసుకి ఏమీ కాలేదండి. దాని ముక్కూ నోరూ మూసేశారు, అది బుద్ధిగా తనంతట తను ఆగిపోయింది. విషమంతా పొయ్యిది," అంది. ఆవిడ నోట్లో చిన్న నవ్వు ఉంది గాని బయటికి రానివ్వలేదు. "రిపోర్టు కాయితం మీద, ఆలుగడ్డలు కాలుస్తుంటే జరిగిందని రాసుకుంటాను లెండి."

ఆర్విల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆలుగడ్డలంటే ఎవరూ ఏమీ అనుకోరు.

"ఒకటి అడగనా?" అంది బ్రెండా. "మీరు ఇంకెవరికైనా చెప్పారా, ఈ గొట్టాలు మూసుకోమని?"

ఆయన మొహం చూసి ఆవిడకి జవాబు అక్కర్లేకపోయింది. ఒక్కొక్కరి పేరూ అడిగి, అక్కడే నిలబడి ఆరిళ్ళకీ ఫోన్ చేసింది. ఆరిళ్ళవాళ్ళూ "ఇక్కడ అంతా బాగానే ఉంది, థాంక్సు" అన్నారు. మావాళ్ళు కాలు విరిగినా అదే మాట అంటారు. వాళ్ళలో వాలీ హొకన్‌సన్‌కైతే "బాగానే" అనడానికి రెండుసార్లు పళ్ళు కొట్టుకున్నాయి.

"ఫర్నేసులు ఆగిపోయుంటాయి. ఒక్కరూ నాకు ఫోన్ చెయ్యలేదు," అంది బ్రెండా. "మరి ఏం పెట్టుకుని వెచ్చగా ఉన్నారంటారు?"

ఆర్విల్ తన వంటింటి కిటికీకేసి చూడలేదు గాని, చూసినంత పనైంది.

"నేను వెళ్తే గుమ్మం దగ్గరే కాఫీ ఇచ్చి పంపేస్తారు. మీరు చెప్తే వింటారు. అందరూ పదకొండింటికి అక్కడే ఉంటారు కదా," అంది. తర్వాత కొంచెం జాలిపడి, "మీ పేరు చెప్పక్కర్లేదు. ఎవరో ఒకాయన అని చెప్పండి," అంది.

ఆ సలహా ఆయనకి ఎంతో నచ్చింది.

పదకొండింటికి హాలు నిండింది. అట్టముక్కలు వరసగా ఉన్నాయి. ఆర్విల్ వాటిని ముట్టుకోలేదు.

"ఒకాయన ఉన్నాడు," అని మొదలుపెట్టాడు. "ఈ కొత్త ఫర్నేసులవాడు. గోడ బయటి గొట్టాలకి గడ్డిమోపులు అడ్డం పెట్టాడు. ఫర్నేసు ఆగిపోయింది. ఎవరికీ చెప్పలేక, పొయ్యి తలుపు తీసి దాని ముందు కూచున్నాడు. అలారం మోగింది."

జనం జాలిగా తలలూపారు. "పాపం," అంది ఒకావిడ. "ఎక్కడివాడో," అన్నాడు వాలీ రెండో వరసలోంచి, చేతులు చంకల్లో పెట్టుకుని. "చలంటే ఏమిటో తెలియని దక్షిణాదివాడై ఉంటాడు." జనం నవ్వారు. కొత్త ఫర్నేసులవాళ్ళు ఆరుగురూ నవ్వారు. ఆరుగురి భార్యలు మాత్రం నవ్వలేదు. వాళ్ళలో ఇద్దరు కణతలు నొక్కుకుంటున్నారు.

ఆర్విల్ అది చూశాడు. ఆ ఒకాయన గురించి ఇంకా ఎంతసేపు చెప్పినా, ఈ ఆరుగురూ ఆయన మీద జాలిపడుతూనే ఇంటికి పోయి పొయ్యి వెలిగించుకుంటారు. ముందు వరసలో ఆర్డిస్ మొగుడికేసి చూడకుండా తన చేతిసంచీకేసి చూస్తోంది, అదే ఆవిడ చేసే సాయం.

"దక్షిణాదివాడు కాదోయ్ వాలీ," అన్నాడు. "నేనే. ఇవాళ పొద్దున్నే. ఆ గొట్టాలు మూసుకోమని మీకు చెప్పింది కూడా నేనే. నాకు తెలియక చెప్పాను. పెట్టింది తీసెయ్యండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే బాగుండేది.

"అలాగా," అంది ఒకావిడ. "అదో రకం." మావాళ్ళ నోట అంతకంటే పెద్ద తిట్టు రాదు.

వాలీ లేచాడు. "కారు అద్దం ఎత్తానో లేదో, చూసొస్తాను."

"నాదీ ఎత్తినట్టు లేదు," అని ఇంకొకాయన లేచాడు.

అయిదు నిమిషాల్లో ఆరుగురూ వెళ్ళిపోయారు. ఆ చలికి ఊళ్ళో ఎవరి కారు అద్దమూ దించి లేదు. హాట్‌డిష్ ముందు స్త్రీలు మిగిలారు. ఆర్డిస్ మొగుడికి చేతితొడుగులు అందించి, "వాలీకి నడుంనొప్పి, ఒక్కడూ లాగలేడు. పో," అంది.

ఆయన వెళ్ళేసరికి వాలీ మొదటి మోపుతో కుస్తీ పడుతున్నాడు.

"ఎలాగూ ఇవాళ తీద్దామనే అనుకున్నాను," అన్నాడు వాలీ, అటు తిరిగే.

"తెలుసు," అన్నాడు ఆర్విల్. "పొయ్యి కట్టావా?"

"ఏ పొయ్యి?"

"వాలీ."

"కట్టాను. ఇప్పుడే. కిటికీలూ తీశాను. పొద్దుటినుంచీ రొట్టె చేస్తున్నాం."

"రొట్టెలో పిండి వేశారా?"

వాలీ ఇంకో మోపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మోపులు లాగి దూరంగా వేశారు. వాలీ లోపలికి పోయి స్విచ్చు ఆపి వేసి వచ్చాడు. గొట్టం ముందు నిలబడొద్దని ఆర్విల్ అతన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. గోడలో ఏదో గుర్రుమంది. ఆగింది. మళ్ళీ గుర్రుమంది. మోకాలెత్తున తెల్లటి ఆవిరి చలిలోకి మెల్లగా పాకింది.

ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"పొగ అడ్డంగా పోతుంది, చూశావా," అన్నాడు ఆర్విల్.

"ఊఁ," అన్నాడు వాలీ.