మసక చుక్కల లెక్క

మొన్న ఉదయం పలాస నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేసి, మా ఫిజిక్స్ మాస్టారు పోయారని చెప్పింది. ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. నాతో తగువు తేల్చకుండా పోవడానికి ఆయనకి హక్కెక్కడిది?

కాలేజీ గ్రూపులో అప్పుడే వెన్నలాంటి మనిషని రాసేస్తున్నారు. నమ్మకండి. ఆయన ముళ్లకంప. బస్సు గంటలో టెక్కలి చేరుతుందన్న కండక్టర్ని కూడా వదిలేవారు కాదు. "గంట సరే, అటూ ఇటూ ఎంత?" అని అడిగేవారు. ఎంత తప్పు ఉండొచ్చో చెప్పని అంకె ఆయన దృష్టిలో అబద్ధం.

విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో లెక్కగట్టడం ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు. కొన్ని నక్షత్రాలు ఇంచుమించు ఒకే వెలుగుతో పేలతాయి. ఎంత మసగ్గా కనిపిస్తే అంత దూరాన ఉన్నట్టు. మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసేది. సెలవుల్లో నేనూ పక్కన కూర్చుని విరగని గుండ్లు ఒకవైపు, బద్దలూ మచ్చలవీ ఇంకోవైపు ఏరేదాన్ని. ఆ అలవాటుతోనే డేటాలో మసక నక్షత్రాలన్నీ ఏరి పారేశాను. గ్రాఫు గీత గీసినట్టు వచ్చింది.

సెమినార్‌లో, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ముందు, మాస్టారు లేచారు.

"ఏటే పిల్లా, జీడిపప్పు ఏరినావేటి? నీకు నచ్చిన సుక్కలే లెక్కెడితే తేలేది నీ లెక్క. ఆకాసం లెక్క కాదు."

అందరూ నవ్వారు. ఆ ప్రొఫెసర్ దగ్గర నాకు రావలసిన రీసెర్చ్ సీటు ఆ నవ్వుల్లోనే పోయింది. తెలిసి తెలిసీ అమ్మ పనిని నవ్వులపాలు చేశారన్న మంట అంతకన్నా ఎక్కువ. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను.

రెండేళ్ల తర్వాత సీటు ఇంకోచోట దొరికింది. పోయినేడు అదే లెక్క మసకవి కూడా కలిపి మళ్లీ చేశాను. దూరాన ఉన్నవాటిలో బాగా వెలిగేవాటినే ఉంచుకోవడంతో, అప్పట్లో అవి దగ్గరున్నట్టు లెక్కకొచ్చి, వేగం ఎక్కువ తేలింది. నాకు కొలవడం నేర్పింది ఆ ముళ్లకంపే, ఒప్పుకుంటాను. "మాస్టారూ, మీరే రైటు" అని ఫోన్లో టైపు చేశాను కూడా. పంపలేదు. ముందు ఆయన సారీ చెప్పాలని పంతం.

ఈ వేసవిలో పలాస స్టేషన్లో కనిపించారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి, బెంచీ మీద పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నేను కూర్చోడానికే. చూడనట్టు ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచిపోయాను.

బండెక్కుతూ వెనక్కి తిరిగాను. సంచి ఇంకా ఒళ్లోనే ఉంది. ఎవరో ఆ ఖాళీలో కూర్చోబోతుంటే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపుతున్నారు.