ఊదని క్లారినెట్‌కు శాలువా

"ఒక్క పెళ్లికేరా, రేపు నీ క్లారినెట్ నీకే ఇస్త" అని 1970లలో మా పెద్దన్న నాకు మాటిచ్చాడు. జగిత్యాల వైపు నుంచి గోదావరిఖనికి వలసవచ్చిన ముగ్గురు అన్నదమ్ములం, గనిలో పనిచేస్తూ పెళ్లిళ్లకు బ్యాండు వాయించేవాళ్లం. ఆ రోజు నాకు రెండో షిఫ్టు పడింది. పెళ్లివాళ్లకు మనిషి తక్కువ కనిపించకూడదని అన్న మా బావకు నా కోటు తొడిగి, క్లారినెట్ చేతికిచ్చి, ఊరికే బుగ్గలు ఉబ్బించమన్నాడు. తమ్ముడి ట్రంపెట్ మోతలో ఎవరికీ తెలియలేదు. పైగా డ్రమ్ము మీద అన్న తాళం తప్పితే నాలాగా బావ నిలదీయడు. అంతే, నా చోటు బావకు ఖాయమైపోయింది.

ఈ రోజు కమ్యూనిటీ హాల్లో బావకు "సీనియర్ క్లారినెట్ కళాకారుడు" అని శాలువా కప్పారు. నేను మూడో వరుసలో కూర్చుని చూశాను.

"కాకా, ఒక్క పాట ఊదుండ్రి" అన్నాడు నిర్వాహకుడు.

"పండ్లూడినయ్ బిడ్డా, ఇగ ఏడ ఊదుత?" అన్నాడు బావ.

"పండ్లున్నప్పుడు ఊదినవా బావా?" అని అరిచాను.

బావా బావమరుదుల సరసమనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది.

మీరైతే ఎవరిని తిట్టేవాళ్లో చెప్పండి. బావ పాపం, నిలబడమంటే నిలబడ్డాడు. నేను ఇప్పటికీ తిట్టేది మా పెద్దన్న రాజమల్లునే.