గీత పక్కన ఒరెస్తె

మా ఆయన ఒరెస్తెకు వచ్చిన పనులు రెండే. తిన్నగా గీత గీయడం, ఆ గీత పక్కన నిలబడడం. గోడలకు రంగులు వేసి ముప్పై ఎనిమిదేళ్ళు ఇల్లు గడిపాడు. ఇప్పటికీ ఆదివారం పొద్దున్నే మా ఊరు వాల్‌మోరా మైదానంలో సున్నంతో గీతలు గీస్తాడు, మధ్యాహ్నం అదే గీత పక్కన జెండా పట్టుకుని నిలబడతాడు. మా కింది డివిజన్ ఫుట్‌బాల్‌కు రిఫరీ ఒక్కడే వస్తాడు. బంతి గీత దాటిందో లేదో చూడ్డానికి రెండు జట్లూ చెరో మనిషిని పెట్టుకోవాలి. ఎవరి మనిషి జెండా వాళ్ళ వైపే ఊగుతుందని లోకానికంతా తెలుసు, మా ఆయనకు తప్ప.

నేను మైదానం పక్కన కాఫీ, సాసేజీ పెట్టిన రొట్టెలు అమ్ముతాను. అందుకని ఆయన చేసిన ఘనకార్యం నా కళ్ళారా చూశాను. పోయినేడాది మే నెల, ఆఖరి ఆట. గెలిస్తే డివిజన్‌లో ఉంటాం, లేదంటే కిందికి పోతాం. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, ఎవరికీ గోల్ లేదు. మా ఆడపడుచు కొడుకు డెనిస్ సరిగ్గా మా ఆయన ముందు నుంచే బంతి లాక్కుని, ఇద్దర్ని తప్పించి గోల్ కొట్టాడు. నేను కాఫీ వదిలేసి పక్కనున్న చర్చి ఫాదర్ గారిని వాటేసుకున్నాను. తీరా చూస్తే మా ఆయన జెండా ఎత్తి ఉంది. డెనిస్ అందుకునేసరికే బంతి గీత దాటిందట. గోల్ చెల్లలేదు. మేం కిందికి పోయాం.

ఇంటికి రానీ చెబుతా అనుకున్నాను.

"కళ్ళు పోయాయా నీకు?" అన్నాను గుమ్మంలోనే.

"ఉన్నాయి కాబట్టే ఎత్తాను."

"బెత్తెడు దూరానికి ఊరి నోట్లో మట్టి కొడతావా?"

"బెత్తెడు కాదు, జానెడు. పొద్దున గీత గీసింది నేనే కదే, ఎక్కడుందో నాకు తెలీదా?"

ఏం మనిషండీ. బార్‌లో ఆయనకు పేకాట జోడీ దొరకలేదు. నా దగ్గర కాఫీ తాగేవాళ్ళు ముఖం తిప్పుకున్నారు. అవన్నీ దులిపేసుకున్నాను. డెనిస్ రావడం మానేశాడు, అది మాత్రం తట్టుకోలేకపోయాను. పిల్లల్లేని మాకు వాడే కొడుకు. ఆదివారం ఆట అయ్యాక మా ఇంట్లో పాలకూర కూరిన పాస్తా తినకుండా ఇంటికెళ్ళేవాడు కాదు. మా ఆయన ప్రతి ఆదివారం మూడో కంచం తనే పెట్టేవాడు, తనే తీసేవాడు. చూసి నాకు ఏడుపొచ్చేది. "పొరపాటైందని వాడికో మాట చెప్పు, నీ సొమ్మేం పోయింది" అని చెవినిల్లు కట్టుకుని పోరాను. "పొరపాటు కాలేదే" అనేవాడు.

జెండా మాత్రం ఆయన చేతిలోనే ఉంది. వానలో తొంభై నిమిషాలు నిలబడే మొనగాడు ఇంకొకడు దొరకలేదు మరి.

ఈ మే నెలలో మళ్ళీ ఆఖరి ఆట, పక్క ఊరు బోర్గోనేరా వాళ్ళతో. గెలిస్తే పైకి వెళ్తాం. మళ్ళీ డెనిసే, మళ్ళీ మా ఆయన ముందే. బంతి బయటికి పోయిందనే అనుకున్నాం. వాడు కాలి బొటనవేలితో లోపలికి లాక్కుని పోయి గోల్ కొట్టాడు. బోర్గోనేరా వాళ్ళు ఒంటికాలి మీద లేచారు. రిఫరీ మా ఆయన వైపు చూశాడు, ఊరంతా చూసింది. జెండా కిందే ఉంది.

వాళ్ళ కెప్టెన్, గడ్డం మనిషి, విసవిసా మా ఆయన మీదికొచ్చాడు. చేతిలో గరిటతోనే పరుగెత్తాను. వాడు మా ఆయన్ని ఎగాదిగా చూసి, తనవాళ్ళ వైపు తిరిగాడు.

"నోళ్ళు మూయండ్రా. సొంత మేనల్లుడి గోల్‌కే జెండా ఎత్తిన మనిషి ఈయన. ఎత్తలేదంటే బంతి లోపలున్నట్టే."

అంతే, గొడవ చల్లారింది. మేం పైకి వెళ్ళాం.

సాయంత్రం తలుపు కొట్టకుండానే డెనిస్ వచ్చి కూర్చున్నాడు. "అత్తా, ఆకలేస్తోంది" అన్నాడు, నిన్న కూడా వచ్చినవాడిలా. సగం తిన్నాక తల వంచుకుని, "పోయినేడు బయటికే పోయింది మామా. నాకప్పుడే తెలుసు" అన్నాడు.

"నీకు తెలుసని నాకూ తెలుసురా. తిను."

వాడు వెళ్ళాక మూడు కంచాలు కడిగాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కానీ ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పు, ఇవాళ బంతి లోపలే ఉందా?"

ఏడాదిపాటు అబద్ధమాడమని ఆయన ప్రాణం తీసినదాన్ని. ఇప్పుడు వాడి కోసం, నా కోసం నిజంగానే ఆడేశాడేమోనని ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.

ఆయన మూడో కంచం తుడుస్తూ, "గీత మీద ఉందే. గీత మీదుంటే లోపలున్నట్టే" అన్నాడు.

అప్పుడు గాని నా ప్రాణం కుదుటపడలేదు.